కళ్ళు చూసేది కొంత, మనసు కలిపేది కొంత



నా గొంతు మీకు వినబడుతోంది. మొహం కనబడదు. అయినా ఈపాటికే మీలో చాలామంది నాకో మొహం తగిలించేసి ఉంటారు. కళ్ళజోడు ఉందో లేదో, జుట్టు నెరిసిందో లేదో, మనిషి బక్కపలచనో బొద్దో, అన్నీ తేల్చేసి ఉంటారు. నేను చెప్పలేదు. రేడియోలో బొమ్మ రాదు. మరి ఆ మొహం ఎక్కణ్ణించి వచ్చింది? మీ దగ్గర్నుంచే. మీకు తెలిసిన ఏ మాస్టారిదో, ఏ మేనమామదో తెచ్చి నా గొంతుకు అతికించారు. రేపెప్పుడైనా బజారులో ఎదురుపడితే "అయ్యో, ఈయనా!" అని నొచ్చుకుంటారు. తప్పు నాది కాదండీ.

ఇవాళ మాట్లాడుకోబోయేది ఈ అతికింపు గురించే. మనం రోజూ చూసే ఈ లోకంలో బయటి నుంచి వచ్చేదెంత? మన మనసు కలిపేదెంత? వేదాంతమని రేడియో కట్టేయకండి. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా మనందరికీ తెలిసిన దారుల్లోనే నడుద్దాం. దారిలో అడవి వస్తుంది, వాగు వస్తుంది, చివరికి గోదారి వస్తుంది.

బయలుదేరే ముందు ఒక చిన్న పని. బండి నడుపుతూ వింటున్నవాళ్ళు మాత్రం దయచేసి చేయొద్దు, ఇంటికెళ్ళాక చూసుకుందురు గానీ. మిగతావాళ్ళు రెండు చేతులూ ముందుకు చాపండి. పిడికిలి బిగించి బొటనవేళ్ళు పైకి నిలబెట్టండి. రెండూ పక్కపక్కనే ఉండాలి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. కుడి కన్నుతో ఎడమ బొటనవేలినే చూడండి. చూపు అక్కణ్ణించి కదపొద్దు. కుడి చేతిని మాత్రం మెల్లగా కుడి పక్కకు జరపండి. మెల్లగా. దాదాపు జానెడు దూరం పోయేసరికి కుడి బొటనవేలి కొస మాయమవుతుంది.

కుదరలేదా? ఇంకోసారి చెబుతాను. ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో ఎడమ వేలినే చూస్తూ, కుడి వేలిని పక్కకు జరపండి. ఒకచోట ఆ వేలి కొస ఉండదు. ఇంకాస్త జరిపితే మళ్ళీ వస్తుంది.

వేలు ఎటూ పోలేదు. మన కంటి వెనక ఉన్న తెరలో, చూపు నరం మెదడుకు బయలుదేరే చోట వెలుగును పట్టుకునే కణాలు ఉండవు. అక్కడ కన్ను గుడ్డిది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో మారియట్ అనే ఆయన ఈ సంగతి కనిపెట్టాడు. కానీ అసలు వింత అది కాదు. వేలు మాయమైన చోట మీకేం కనబడింది? నల్లటి మచ్చ కనబడిందా? లేదు. వెనకున్న గోడ కనబడింది. గోడ సున్నం రంగు కనబడింది. కన్ను అక్కడ ఏమీ చూడటం లేదని ఇప్పుడే చెప్పాను కదా, మరి ఆ గోడను ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. చుట్టుపక్కల గోడే ఉంది కాబట్టి ఇక్కడా గోడే ఉంటుందిలే అని మెదడు సున్నం కొట్టేసింది. మన రెండు కళ్ళలోనూ ఇలాంటి చోటు ఒక్కొక్కటి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తెలిసిందా?

కళ్ళ సంగతి ఇది. చెవులేం తక్కువ తినలేదు.

నేను మూడు జతల మాటలు అంటాను, వినండి. పాట, పాత. మాట, మాత. కోట, కోత. తేడా తెలిసింది కదా? మీ ఇంట్లో మూడేళ్ళ పిల్లకైనా తెలుస్తుంది. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష ఎరగని మనిషికి మాత్రం తెలియదు. పాట అన్నా పాత అన్నా ఆయన చెవికి దాదాపు ఒకటే. మనం "పాత పాట" అంటే ఒకే మాట రెండుసార్లు అన్నామనుకుంటాడు.

మరి ఆయన పుట్టుకతోనే అలా పుట్టాడా? కాదట. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చంటిపిల్లల మీద ఒక పరిశోధన చేశారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పిల్లలకు హిందీలోని ట, త వినిపించారు. ఆరు, ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. అలాంటి ఇళ్ళలోనే ఏడాది నిండబోతున్న పిల్లలు పట్టలేకపోయారు. చూడండి, పది నెలల పిల్ల ఇంకా అమ్మా అని సరిగ్గా అననైనా అనదు. అప్పటికే ఆ పిల్ల మనసు ఒక లెక్క వేసుకుంది. మా ఇంట్లో ఈ తేడాతో పని లేదు, ఇక వినక్కర్లేదు అని. చెవి బాగానే ఉంది. ధ్వని చెవిలో పడుతూనే ఉంది. వినడం మానేసింది మనసు.

మనమూ అంతే. ఇంగ్లీషులో పడమరను వెస్ట్ అంటారు. చొక్కా లోపల వేసుకునే బనీనునూ వెస్ట్ అంటారు. నేను రెండూ ఒకేలా అన్నాను కదా? వాళ్ళకు అవి రెండు వేరు వేరు ధ్వనులు. నాకు ఎంత చెవి రిక్కించినా ఒకటే. మా ఇంగ్లీషు మాస్టారు పెదవి కొరికి చూపించేవారు, పెదవులు సున్నా చుట్టి చూపించేవారు. పెదవులు చూసి నవ్వుకోవడమే తప్ప తేడా వినబడితే ఒట్టు.

ఒక్కమాటలో మళ్ళీ చెప్పుకుని అడవిలోకి వెళదాం. కన్ను చూడని గోడను మెదడు చూపించింది. చెవిలో పడ్డ తేడాను మనసు వదిలేసింది. లేనిది కలుపుతుంది, ఉన్నది తీసేస్తుంది. ఈ రెండు పనులూ మనకు చెప్పకుండానే చేస్తుంది.

కొన్నేళ్ళ కిందట, పాల్వంచ దాటాక కిన్నెరసాని వైపు అడవిలో ఒక కోయ పెద్దాయన వెంట నడిచాను. ఎండాకాలం మొదలవుతున్న రోజులు. తెల్లవారుజాము. ఇప్ప పూలు రాలే వేళ. ఇప్పచెట్టు కింద నిలబడ్డవాళ్ళకు తెలుస్తుంది, ఆ పువ్వు రాలడం వినబడుతుంది. టప్, టప్ అని ఒక్కొక్కటే. రేకులు రేకులుగా ఉండదు. లేత పసుపు రంగులో, చిన్న ముంతలా బొద్దుగా, కండతో ఉంటుంది. వేళ్ళ మధ్య నొక్కితే తియ్యటి నీరు వస్తుంది. వాసన మాత్రం ఘాటు. నాకైతే ఆ చెట్టు కింద అంతా బ్రహ్మాండంగా ఉంది. చెట్టు, పూలు, చల్లగాలి. ఫోటో తీసుకుందామా అనిపించింది.

పెద్దాయన చెట్టుకు ఇరవై అడుగుల ఇవతలే ఆగిపోయాడు. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం కనబడ్తంది సారూ?" అన్నాడు.

"పూలు, తాతా."

"పూలు లేని జాగ కనబడ్తలేదా?"

చూశాను. అప్పుడు కనబడింది. చెట్టు చుట్టూ పూలు పరుచుకుని ఉన్నాయి కానీ ఒక పక్క నేల ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో మట్టి గీరి ఉంది. గీతలు పొడుగ్గా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. గుడ్డేలుగు గోళ్ళు. ఇప్పపువ్వంటే దానికి ప్రాణం. పెద్దాయన వంగి మట్టి తాకి చూశాడు. తడి ఆరలేదు. "ఇప్పుడే పోయింది" అన్నాడు, మన వీధిలో పాలవాడు ఇప్పుడే వెళ్ళాడన్నంత మామూలుగా.

నా కాళ్ళు అక్కడే వణికాయని వేరే చెప్పాలా? అయిదు నిమిషాల ముందు ఆ చెట్టే నాకు అందం. ఇప్పుడు అదే చెట్టు, అవే పూలు, భయం. చెట్టు మారలేదు. ఒక్క పువ్వు అటూ ఇటూ కదల్లేదు. నాకు ఒక ముక్క తెలిసింది, అంతే.

తిరిగి వస్తూ ఆయన్ను పొగిడాను. మీ కళ్ళే కళ్ళు తాతా అన్నాను. ఆయన పడలేదు. "మీ ఖమ్మం బస్టాండుల నాకు అన్నీ ఒక్కటే బస్సు సారూ" అన్నాడు. దానిముందు నా పొగడ్త వెలవెలబోయింది. ఆయన కళ్ళకు మహిమ లేదు, నా కళ్ళకు రోగం లేదు. ఆయన మనసు అరవై ఏళ్ళు ఏ బడిలో చదివిందో అది ఆయనకు కనబడుతుంది. నేను చదివింది నాకు కనబడుతుంది.

1999లో అమెరికాలో సైమన్స్, షాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో చూపించారు. కొందరు బంతి విసురుకుంటుంటారు. తెల్లబట్టల వాళ్ళు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నింపాదిగా నడిచి వచ్చి, నడుమ నిలబడి, గుండెలు బాదుకుని వెళ్ళిపోయింది. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి గొరిల్లా కనబడలేదు. లెక్కపెట్టమన్నదాన్ని లెక్కపెట్టారు పాపం. నాకు మాత్రం ఆ పరిశోధన గురించి చదివినప్పుడల్లా ఇప్పచెట్టు గుర్తొస్తుంది. నేనూ పూలు లెక్కపెడుతున్నాను. అయితే నా గొరిల్లా వేషం వేసుకున్నది కాదు.

ఈ చూపు తేడా ఒక్కోసారి నవ్వుకుని వదిలేసేలా ఉండదు. పోడు సంగతే తీసుకోండి. కోయవాళ్ళు, కొండరెడ్లు ఒక చెలక కొన్నేళ్ళు సాగు చేసి, నేల అలిసిపోతే కొన్నాళ్ళు వదిలేసేవారు. మళ్ళీ చెట్టూ చేమా పెరిగాక తిరిగి వచ్చేవారు. ఆ వదిలేసిన నేల వాళ్ళ కళ్ళకు నిద్రపోతున్న చేను. కొలత గొలుసుతో వచ్చిన మనిషి కళ్ళకు అది ఖాళీ జాగా. కాగితం మీద ఖాళీ అని రాశాడు. అబద్ధం రాయాలని రాయలేదు, ఆయనకు కనబడిందే రాశాడు. నాకు దిగులు కలిగించేది అదే. అబద్ధమాడేవాణ్ణి నిలదీయొచ్చు. నిజంగానే కనబడనివాణ్ణి ఏమని అడుగుతాం? అడవిలో ఉన్నవాళ్ళ హక్కును ఉన్నట్టుగా రాసిన చట్టం 2006లో గానీ రాలేదు.

ఇప్పుడు పాము దగ్గరికి వద్దాం. ఇలాంటి ప్రసంగంలో తాడు, పాము రాకపోతే మీరు ఊరుకోరు. చీకట్లో తాడును చూసి పామనుకున్నాడు, దీపం తెస్తే తాడని తెలిసింది, లోకమూ ఇలాంటి భ్రమే. మన వేదాంతులు ఎన్ని వందల ఏళ్ళుగా చెబుతున్నారో ఈ ఉపమానం. గొప్పదే. కాకపోతే దాన్ని చెప్పినవాళ్ళు రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్ళిన రకం కాదేమోనని నా అనుమానం. దుమ్ముగూడెం, చర్ల వైపు ఏ రైతునైనా అడగండి. తాడును పామనుకుంటే ఏమవుతుంది? ఒక గంతు వేస్తాం, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. పామును తాడనుకుంటే? ఆ కథ చెప్పడానికి మనిషి మిగలడు. అందుకే చీకట్లో మనసు ముందు పామునే చూపిస్తుంది. వందసార్లు పొరపాటు పడినా పర్వాలేదు, ఒక్కసారి ఒప్పయితే ప్రాణం దక్కింది. మనం ఆ భయస్తుల మనవలం. వాళ్ళ భ్రమ పుణ్యాన ఇవాళ రేడియో వింటున్నాం.

ఇంకో సంగతి గమనించారా? టార్చి వేశాక అది తాడని తెలుస్తుంది. గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఒంటి మీద చెమట ఉంటుంది. పాము అబద్ధమే, చెమట మాత్రం నిజం.

అక్కణ్ణించి పర్ణశాలకు పోదాం. భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. వనవాసంలో సీతారాములు కుటీరం వేసుకున్న చోటు ఇదేనని మన నమ్మకం. నాసిక్ వాళ్ళు మా పంచవటే అసలుదంటారు, ఆ తగవులోకి నేను దిగను. అక్కడ సీతవాగు ఉంది కదా. వాగు పక్కన రాళ్ళ మీద ఎర్రటి చారలు, పసుపు చారలు ఉంటాయి. సీతమ్మ పసుపు కుంకుమలకు వాడిన రాళ్ళని చూపిస్తారు. పక్కన ఇంకో బండ మీద పొడుగ్గా మరకలుంటాయి. నారచీర ఆరేసిన గుర్తులంటారు.

ఆ బండ దగ్గర ఒక పూట కూర్చున్నాను. రాజమండ్రి వైపు నుంచి వచ్చినట్టున్నారు, ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళలో పెద్దావిడ వంగి, ఆ చారను వేలితో రాసి, నుదుట పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు. పక్కన కాలేజీ చదివే మనవడు, "అమ్మమ్మా, అది ఇనుము. రాయిలో ఇనుముంటే తుప్పు పట్టి ఎర్రగా, పచ్చగా మారుద్ది" అన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "అయితే ఏందిరా, ఆ తల్లి వాడుకుంది ఆ ఇనుమునే" అంది.

మనవడు చెప్పింది రాయి గురించి. ఆవిడ చెప్పింది తన గురించి. రాయి విషయంలో ఒప్పు మనవడిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ పూట ఆ వాగు ఒడ్డున జరిగినదాంట్లో సగం ఆ కుర్రాడికి కనబడలేదు.

భద్రాచలం గుడి పుట్టుకలోనూ ఇదే కథ ఉంది. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ పుట్టలో ఉన్న రాముణ్ణి కనుక్కుని, పైన పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టేదని స్థలపురాణం. తక్కిన ఊరికి అది పుట్ట. ఆమెకు రాముడు. తర్వాత వచ్చాడు తహసీల్దారు గోపన్న.

గోపన్న మన నేలకొండపల్లి మనిషి. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖజానా సొమ్ము ఖజానాకు చేరలేదు. గోల్కొండ కోటలో చెరసాల, పన్నెండేళ్ళని చెబుతారు. ఆయన కీర్తనలు విన్నవాళ్ళకు తెలుసు. ఆ చెరసాలలో కూర్చుని రాముణ్ణి ఎట్లా నిలదీశాడో! ఏ నగకు ఎంతయిందో లెక్క చెప్పి మరీ అడిగాడు. నాకు ముచ్చటేసేది ఇక్కడే. అన్నమయ్య దేవుణ్ణి అమ్మవారి సరసన చూశాడు. మన గోపన్న శిస్తు వసూలు చేసిన మనిషి. ఆయనకు దేవుడు కూడా బాకీదారుగానే కనబడ్డాడు. భక్తి ఎంత పొంగినా తహసీల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను ఎగతాళిగా అనడం లేదు. తనకు చేతనైన చూపుతోనే దేవుణ్ణి చూశాడు, అందుకే ఆ మాటలు అంత సూటిగా ఉన్నాయి.

ఇక చివరి ఘట్టం మీ అందరికీ తెలిసిందే. ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు తానీషా పడకగదికి వస్తారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెబుతారు. గోపన్న బాకీ ఆరు లక్షలూ కుమ్మరించి, రసీదు పుచ్చుకుని వెళ్ళిపోతారు. తెల్లారి తానీషాకు విషయం అర్థమవుతుంది. గోపన్నను విడిపిస్తాడు. అప్పుడు గోపన్న సంతోషించాలి కదా? ఏడుస్తాడు. జీవితమంతా ఎవరి కోసం అలమటించాడో వాళ్ళు వచ్చారు, తానీషాకు కనబడ్డారు, తనకు కనబడలేదు.

ఇది చరిత్ర కాదు, మనవాళ్ళు చెప్పుకునే కథ. అయితే ఎవరు అల్లారో గానీ చూపు గురించి వాళ్ళకు బాగా తెలుసు. గుర్తుపట్టగలిగిన కళ్ళు గోపన్నవి. ఆ కళ్ళ ముందుకు వాళ్ళు రాలేదు. వచ్చింది తానీషా ముందుకు. ఆయన నిద్రకళ్ళకు వాళ్ళు బాకీ కట్టడానికి వచ్చిన నౌకర్లు. రసీదు రాసిచ్చి పంపేశాడు.

ఇంతసేపూ మనసు గొప్పతనమే చెప్పాను. ఇక్కడ ఒక గట్టి మాట చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. ఈ మధ్య కొందరు బయలుదేరారు. మనసులో గట్టిగా అనుకుంటే లోకమే మారిపోతుంది, రోగం పోతుంది, డబ్బు వస్తుంది అని శిబిరాలు పెట్టి, టికెట్లు అమ్మి చెబుతున్నారు. నమ్మకండి. నమ్మేముందు ఒకసారి గోదారి ఒడ్డుకు రండి.

భద్రాచలంలో వానాకాలం ఎలా గడుస్తుందో తెలుసు కదా. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. 43, 48, 53. ఇక్కడి పిల్లలు ఎక్కాల కంటే ముందు ఈ మూడు అంకెలు నేర్చుకుంటారు. 1986లో నది 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ నీళ్ళు ఎవరి మనసునూ అడగలేదు. ఎవరెంత గట్టిగా అనుకున్నా అంగుళం తగ్గలేదు.

అయితే మనసు చేసే పని ఒకటి అక్కడా ఉంది. 2022లో "48 దాటింది" అని రేడియోలో చెప్పగానే ఒకే వీధిలో రెండు రకాల మనుషులు కనబడ్డారు. 86 వరద చూసిన ముసలివాళ్ళు ఆ అంకె వినగానే బియ్యం మూట అటక మీదికి ఎక్కించారు. చూడనివాళ్ళు "ఏటా వచ్చేదేలే" అని టీ పెట్టుకున్నారు. అంకె ఒకటే. చెప్పిన గొంతు ఒకటే. ఒకరికి అందులో నీళ్ళు వినబడ్డాయి, ఇంకొకరికి ఒట్టి అంకె వినబడింది. నదిని మనసు పెంచలేదు, తగ్గించలేదు. మూట ఎప్పుడు కట్టాలో మాత్రం మనసే చెప్పింది.

కాబట్టి నేను చెప్పేది ఇంతవరకే. మళ్ళీ అంటున్నాను, ఇంతవరకే. మనం అనుకున్నంత మాత్రాన నది, పాము, గుడ్డేలుగు మారవు. అవి మనకు ఎలా కనబడతాయి, అసలు కనబడతాయా లేదా, అది మనసు చేతిలో ఉంది.

అనుకుంటేనే ఉండేవి కూడా కొన్ని ఉన్నాయి, అవి మనుషులు గీసిన గీతలు. 1940 ప్రాంతంలో భద్రాచలంలో పుట్టిన ఒక ముసలమ్మను ఊహించుకోండి. పుట్టినప్పుడు ఆమెది మద్రాసు రాజధాని, తూర్పు గోదావరి జిల్లా. ఏరు దాటితే అవతల నైజాం రాజ్యం. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో తెలంగాణ. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఆమె ఇల్లు మారలేదు. పొయ్యి మారలేదు. వాకిట్లో వేపచెట్టు కూడా అదే. రాష్ట్రాలు, జిల్లాలే వచ్చి ఆమె గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్ళాయి.

2014లో మండలాలు పంచినప్పుడు భద్రాచలం పట్టణం ఇటు తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకుని ఉన్న ఎటపాక అటు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. ఇప్పుడు నడుస్తూ నడుస్తూ రాష్ట్రం దాటేస్తాం. రోడ్డు మీద గీత ఉండదు. మట్టి రంగు మారదు. మైలురాయి, బోర్డు, బండి నంబరు, బియ్యం కార్డు చెబుతాయి. అటూ ఇటూ ఉన్న కోయవాళ్ళది ఒకే మాట, ఒకే వేల్పులు. ఇంకాస్త పైకి పోతే ఛత్తీస్‌గఢ్, ఆ పక్కన ఒడిశా. పశువులు మేతకు వెళ్ళి రెండు రాష్ట్రాలు తిరిగి సాయంత్రానికి ఇంటికి వస్తాయి, వాటికి ఏ గీతా కనబడదు. కానీ ఆ గీత అబద్ధమని అనకండి. పింఛను ఏ ఊళ్ళో ఇస్తారో, పేషెంటును ఏ ఆసుపత్రికి పంపుతారో ఆ గీతే తేలుస్తుంది. కంటికి ఆనని ఈ గీత దగ్గర బండి ఆపి కాగితాలు అడుగుతారు. అందరం ఒకేసారి నమ్మితే ఇలాంటివి రాయికంటే గట్టిగా నిలబడతాయి.

సమయం అయిపోవచ్చింది. మీకో మనవి చేసి ముగిస్తాను.

వానలు మొదలవుతున్నాయి. మన వైపు వాగులన్నీ రోడ్ల మీద నుంచి పొర్లుతాయి. నిన్న దాటిన వాగే కదా, మోకాలి లోతే కదా అనిపిస్తుంది. నీళ్ళ కింద రోడ్డు కనబడుతున్నట్టే ఉంటుంది. ఇందాక బొటనవేలు మాయమైన చోట గోడ కనబడింది, గుర్తుందా? అలాగే. కింద రోడ్డు కొట్టుకుపోయినా మనసు అక్కడ రోడ్డునే చూపిస్తుంది. అందుకని వాగు దగ్గరికి వచ్చినప్పుడు బండి దిగండి. లోతు ఎంతో మీ కళ్ళను అడగొద్దు. అవతలి ఒడ్డున నిలబడ్డవాణ్ణి కేకేసి అడగండి. వాడు వద్దంటే వెనక్కి తిరగండి.